షాహుల్ పేల్చని తుపాకీ

షాహుల్ సెలవు మీద నెల్లూరు వచ్చిన మర్నాడే జువ్వలదిన్నె రేవు నుంచి ఆదెయ్య వచ్చి గుమ్మం ముందు ఆటో దిగాడు. షాహుల్ గుర్తుపట్టాడు. మొదటిసారి ఆ ముఖాన్ని అతను చూసింది తుపాకీ గురిలోంచి.

యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒక ఉదయం పొగమంచులో, షాహుల్ పనిచేసే గస్తీ నౌక వైపు ఒక పడవ కొట్టుకొస్తూ కనిపించింది. రేడియోలో పిలిస్తే పలకలేదు. అంతకుముందే అలాంటి పడవలో బాంబులు పెట్టి శత్రువులు మరో నౌకను ముంచారు.

"కాల్చు," అన్నాడు అధికారి.

షాహుల్ గురిపెట్టాడు. మంచు కాస్త విడింది. పడవ అంచున ఒక పెద్దాయన రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నాడు. వెనక ఒక కుర్రవాడు.

"చేతులెత్తారు సార్. నేను కాల్చను."

"ఇది ఆజ్ఞ. ఈ నౌకలో అందరి ప్రాణాలూ నీ చేతిలో ఉన్నాయి."

ఆ మాట అబద్ధం కాదు. అది షాహుల్‌కూ తెలుసు. కానీ ముందు చంపేసి, తర్వాత ఎవరని చూడటం అతనివల్ల కాలేదు. తుపాకీ వదిలేశాడు.

"చిన్న పడవలో నన్ను పంపండి సార్. చూసొస్తాను. ఏదైనా అయితే నాకొక్కడికే అవుతుంది."

కోపంతోనే పంపాడు అధికారి. షాహుల్ దగ్గరికి వెళ్లేసరికి ఆదెయ్య అడిగిన మొదటి మాట, "నాయనా, మంచినీళ్లుండాయా?" ఇంజన్ పాడై దారితప్పిన జాలరులు వాళ్లు.

విచారణ జరిగింది. ఆ అధికారే లేచి, "తప్పుడు ఆజ్ఞ ఇచ్చింది నేను. అతను వినకపోబట్టి ఇవాళ నిద్రపోగలుగుతున్నాను," అన్నాడు. షాహుల్‌ను మందలించి వదిలేశారు.

"మా అబ్బాయి ముఖేష్‌కి పెళ్లి. పడవలో నా ఎనక ఉండినాడే, వాడికే. నువ్వూ నీ పెళ్లామూ రావాల," అన్నాడు ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఆదెయ్య.

పెళ్లిలో ఆదెయ్య తల్లి ముసలమ్మ షాహుల్‌ని, అతని భార్య జబీనాని పక్కన కూర్చోబెట్టుకుని స్వయంగా వడ్డించింది.

"పై ఆఫీసరు చెప్పింది చెయ్యకపోతే తప్పు గదా నాయనా?"

"తప్పే అవ్వా. ఏ శిక్షేసినా పడాల్సిందే అనుకున్నా. చేసుంటే అంతకన్నా పెద్ద తప్పు."

"దాంట్లో బాంబులుండుంటే?"

"నేనుండేవాణ్ణి గాదు."

జబీనా చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. "ఒక్కడివే పొయినావా? నాకు చెప్పలేదే," అంది మెల్లగా.

ముసలమ్మ షాహుల్ విస్తట్లో ఇంకో వంజరం చేప ముక్క వేసి, "తిట్టేది ఇంటికి పొయినాక తిట్టు తల్లీ. ఇప్పుడు తిననీ," అంది. జబీనాకు నవ్వాగలేదు.

ఈలోగా డప్పులు మొదలయ్యాయి. పెళ్లికూతురు సుభాషిణి, ముఖేష్ వచ్చి షాహుల్ చేతులు పట్టి లాక్కుపోయారు. అతనికి ఆట రాదు. కవాతు చేస్తున్నట్టు కాళ్లెత్తి వేస్తుంటే రేవులోని పిల్లలంతా వెనక చేరి అలాగే వేశారు. ఆదెయ్య తలపాగా తీసి గాలిలో తిప్పాడు. జబీనా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వి నవ్వి, చివరికి తనూ లేచి వాళ్లలో కలిసింది.