పక్కకు తిరిగి పండుకో

బాగేపల్లి బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు నడిపే రామాంజినప్ప, ఒకరోజు కుడుతూ కుడుతూ కునుకు తీసి సూదిని వేలిలోకి దింపుకున్నాడు. కట్టు కట్టిన నర్సు గట్టిగా చెబితేగానీ చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రికి వెళ్ళలేదు. అక్కడ ఒక రాత్రి పడుకోబెట్టి పరీక్ష చేశారు.

"నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతాండాది. గంటకు నలభై సార్లు. ఇంట్లో ఎవరూ చెప్పలేదా అప్పా?" అంది డాక్టరమ్మ.

"మా ఇంటామె యశోద ఆ మాట చెప్పలేదు. పక్కకు తిరిగి పండుకో అని మాత్రం తట్టేది. పోయి ఏడాదయింది."

ముఖానికి మాస్కు తగిలించి గాలి తోసే మిషన్ ఉందని, దాంతో గొంతు తెరుచుకునే ఉంటుందని డాక్టరమ్మ వివరించింది. బరువు కూడా తగ్గమంది.

"పొద్దంతా ఒక మిషన్‌తోనే ఉంటాను. రాతిరి ఇంకొకటి వద్దమ్మా. నడిచి తగ్గించుకుంటా."

రోజూ తెల్లవారకముందే హైవే పక్కన నడిచాడు. రాత్రి తిండి ఏడు గంటలకే ముగించాడు. ఐదు నెలల్లో పదకొండు కిలోలు తగ్గి, తన చొక్కాలు తానే బిగించుకున్నాడు. షాపుకొచ్చినవాళ్ళు "షుగరా అప్పా?" అని అడిగారు.

మళ్ళీ పరీక్ష చేస్తే గంటకు నలభై సార్లు కాస్తా పద్దెనిమిదయింది.

"నడక మానొద్దు. మిషన్ కూడా కావాల," అంది డాక్టరమ్మ. ఈసారి రామాంజినప్ప మిషన్ ఇంటికి తెచ్చుకున్నాడు.

మొదటి వారం నిద్రలోనే మాస్కు లాగేసుకున్నాడు. తొమ్మిదోరోజు కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ. తల తేలిగ్గా ఉంది. నిద్రంటే ఇట్లా ఉంటుందా అనుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నాలు షాపులో గుండీలు కుడుతూ యశోద తూగడం. "రాతిరంతా ఏం చేస్తాంటావు?" అని తాను విసుక్కోవడం. ఆమె నవ్వి ఇంకో గుండీ అందుకునేది.

చింతామణిలో ఉన్న బావమరిది నందీశ్‌కు ఫోన్ చేశాడు.

"మీ అక్క నిద్ర లేదని ఎప్పుడన్నా చెప్పిందా?"



"చెప్పేది బావా. నీ ఊపిరి నిలిస్తే మళ్ళీ వచ్చేదాకా కూర్చోనుండేదంట. తన నిద్ర పోతాందని తెలిస్తే నువ్వు వేరే రూములో పండుకుంటావు, అప్పుడు చూసేవాళ్ళు ఉండరని, నీకు చెప్పొద్దనింది."

రామాంజినప్ప ఫోన్ పెట్టేశాడు. మాస్కు కడిగి తీగమీద ఆరేశాడు. లోపలికొచ్చి, మంచం మీద యశోద పండుకునే వైపున చాలాసేపు కూర్చున్నాడు.