నెట్టుకొచ్చిన పేజీ

“నీకెందుకులే, అది నెట్టు వ్యవహారం” అన్నాడు భర్త, షాపు ముందుగదిలోంచి. అని ఊరుకోక, అదే ఊపిరితో టీ కూడా పెట్టమన్నాడు. వెనకగదిలో నేలమీద చాప పరుచుకుని, ఒక కుట్టుమిషను కడుపులోంచి షటిలు ఊడదీసి కిరసనాయిల్లో కడుగుతున్న ఆమెకి ఒళ్ళు మండింది. చేతిలో కిరసనాయిలు ఉండగా ఒళ్ళు మండటం క్షేమం కాదని తమాయించుకుంది. నెట్టు వ్యవహారం తనకెందుకట! పంతొమ్మిదేళ్ళుగా ఈ షాపునీ, దాని వెనకున్న సంసారాన్నీ నెట్టుకొస్తున్నది తనైతే, నెట్టు గురించి తెలిసింది మాత్రం ఆయనకట.

ఈ పని ఆమెకి నేర్పింది మామగారు. ఆయన కళ్ళకి సైటొచ్చి, సూదిబెజ్జం రెండుగా కనిపించడం మొదలుపెట్టాక కొడుక్కి నేర్పబోయాడు. కొడుకువి లావు వేళ్ళు, సన్నపాటి ఓపిక. కోడలికి ఆ రెండూ తిరగేసి ఉన్నాయి. పోయేముందు పెద్దాయన పనిముట్ల పెట్టె కోడలి చేతిలో పెట్టి, షాపు కొడుకు పేర పెట్టాడు. అప్పట్నుంచీ భర్తకి కౌంటరు, ఆమెకి ఎన్‌కౌంటరు. మిషను తెచ్చినవాళ్ళతో ఆయన “మావాళ్ళు లోపల చూస్తారండీ” అంటాడు. ఆ మావాళ్ళంతా కలిపి ఆమె ఒక్కతే. అంతమందికి జీతాలిస్తే ఏమైపోయేవాడోగానీ, ఆ ఒక్కదానికీ ఇచ్చింది లేదు. అత్తగారైతే ఇంటికొచ్చినవాళ్ళకి, మా కోడలు కాస్త చేతిసాయం చేస్తుందమ్మా, ఏం తోస్తుంది పాపం ఇంట్లో కూర్చుంటే అని చెబుతుంది. ఆమెకి తోచకపోవడమన్నది ఎలా ఉంటుందో తోచి చాలా ఏళ్ళయింది. పైదారం టెన్షన్, కిందదారం టెన్షన్ సరిచేయడం ఆమె వృత్తి. ఆ రెండూ ఇవ్వడం ఈ ఇంట్లోవాళ్ళ ప్రవృత్తి.

వెబ్‌సైటు పెట్టిస్తున్నానని ఆయన ప్రకటించినప్పుడు అత్తగారు సంబరపడి, సైటు ఏ పక్కన కొన్నావురా, నీళ్ళు పడతాయా అని అడిగింది. నీళ్ళు పడవమ్మా, జనం పడతారు అన్నాడాయన. సైటు కట్టినవాడు అయిదు పేజీలకి బేరం చెప్పాడు. ఆయన నాలుగు పేజీలు నింపాడు. ‘యజమాని గురించి’ ఒకటి, అందులో చేతులు కట్టుకున్న ఫోటో. ‘మా చరిత్ర’ ఒకటి, అందులో వాళ్ళ నాన్న ఫోటో. ‘మా ఆశయం’ ఒకటి. ఆశయం ఆయనది, ఆయాసం ఆమెది, కానీ దానికి పేజీ లేదు. నాలుగోది ఫోటోలు, రిబ్బను కత్తిరిస్తూ ఆయనే. అయిదో పేజీకి సరుకు అయిపోయింది. డబ్బిచ్చిన పేజీ ఖాళీగా పోతోందని మనసొప్పక, “మధ్యాహ్నాలు ఖాళీయేగా నీకు, ఏదో ఒకటి రాసి పడెయ్యి” అన్నాడు. టైపింగు తనకి చిరాకని సైటు తాళం, అంటే ఆ పాస్‌వర్డు, అదీ ఆమెకే అప్పజెప్పాడు.

ఆమె రాసింది. ఏం రాయాలో వెతుక్కోలేదు. మిషను తెచ్చేవాళ్ళు వైద్యుడికి చెప్పుకున్నట్టు చెప్పుకునే మాటలు పంతొమ్మిదేళ్ళుగా ఆ గోడవతల నుంచి వింటూనే ఉంది. దారం కింద గుత్తులు గుత్తులుగా పడుతోందా? కుట్టు మధ్యమధ్యలో ఎగిరిపోతోందా? సూదులు ఊరికే విరుగుతున్నాయా? ఆ మాటలే ప్రశ్నలుగా పెట్టి, ఒక్కోదాని కింద జవాబు రాసింది. సూది తిరగబడిందేమో చూడండి, కొత్తది పెట్టండి. మిషను పాదం పైకెత్తి దారం మళ్ళీ మొదటినుంచి ఎక్కించండి. కింద కనిపించే చిక్కుకి కారణం చాలాసార్లు పైనే ఉంటుంది. అప్పటికీ కాకపోతే తీసుకురండి, మేము చూస్తాం.

ఇప్పుడు వచ్చిన నెట్టు వ్యవహారం ఏమిటంటే, లిస్టింగాయన. మెడకి టై, చేతికి సంచీ. నెట్లో ఎవరు ఏది వెతికినా చూపించే యంత్రం ఒకటుంది కదా, దాని పుస్తకంలో మన పేజీ చేరాలంటే పేజీకింత అని ఏడాదికి కట్టాలట. ఆ ఏడాది దాటితే మళ్ళీ కట్టాలట. టీ గ్లాసులు పట్టుకెళ్ళిన ఆమె గుమ్మంలోనే నిలబడి వింది. కడితే మన పేజీ ముందు వరసలో కనిపిస్తుందా అని భర్త అడిగాడు.

“చేర్చుకోవడం వరకే మా పూచీ సార్. ఎన్నో వరసలో ఉంటుందో చెప్పలేం.”

ఆమెకి నవ్వొచ్చింది, వెనకే విసుగూ వచ్చింది. ఈ షరతు మీద చేరినవాళ్ళని ఆమెకి బాగా తెలుసు. తనూ అలాగే చేరింది ఈ ఇంట్లో. చేర్చుకున్నారు, వరస చెప్పలేదు. భోజనాల దగ్గర ఆఖరు, లేవడంలో మొదలు. ఏడాది దాటిందంటే తనూ మళ్ళీ కట్టాలి, ఒంటితో, ఓపికతో. గడువు తప్పితే ఎలాగుంటుందో ఒకసారి నడుం పట్టేసి నాలుగు రోజులు పడుకున్నప్పుడు చూసింది. నడుమెత్తు బల్ల ఒకటి చేయించుకుంటే నేలమీద వంగి పనిచేసే బాధ తప్పుతుందని అప్పుడే అడిగింది. ఆయన, వచ్చే ఏడాది చూద్దాం అన్నాడు. ఆ వచ్చే ఏడాది వచ్చి, ఇదిగో, టై కట్టుకుని కుర్చీలో కూర్చుంది.

పేజీకింత అనేసరికి పేచీ మొదలైంది. అయిదూ ఎందుకు, అందులో ఒకటి దండగ అన్నాడు భర్త. దండగ ఏదో ఆమె అడగక్కర్లేకపోయింది. “ఇంట్లోనే బాగుచేసుకోండని రాస్తే మన దగ్గరికెవడొస్తాడు? తెలివుండాలి” అని, యజమానికీ, చరిత్రకీ, ఆశయానికీ, రిబ్బనుకీ కలిపి నాలుగిటికి కట్టాడు. ఆమె గ్లాసులు కడిగింది.

మూడు నెలలు గడిచాయి. ఆయన రోజూ పొద్దున్నే కౌంటరు దగ్గర కూర్చుని తన పేజీ తెరిచి చూసుకునేవాడు, ఫోటో అక్కడే ఉందా, ఎవరైనా ఎత్తుకెళ్ళారా అన్నట్టు. షాపుకి మాత్రం మనుషులు పెరిగారు. వచ్చినవాళ్ళు సూది మార్చి చూశామండీ, దారం మళ్ళీ ఎక్కించామండీ, అయినా మొరాయిస్తోంది అంటూ, తెలిసిన మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. చూశావా, చేరడమంటే ఇదీ అని భర్త వాళ్ళమ్మకి వివరించాడు. పెట్టిపుట్టావురా అందావిడ.

లిస్టింగాయన మళ్ళీ వచ్చాడు, లెక్కల కాగితంతో. ఆమె టీ తెచ్చి ఈసారి గుమ్మంలో ఆగలేదు, లోపలికొచ్చి గోడ పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఆయన గొంతు సవరించుకుని, కట్టిన నాలుగు పేజీలకీ హిట్లు కొంచెం పలచగా ఉన్నాయన్నాడు. యజమాని పేజీకి మాత్రం తొంభై పైచిలుకు వచ్చాయి. భర్త ముఖం వెలిగింది. అందులో తొంభై ఈ షాపు నుంచే వెళ్ళాయని లిస్టింగాయన నెమ్మదిగా చెప్పాడు. ముఖం ఆరింది. హిట్లకి బదులు తిట్లొస్తాయేమోనని భయపడ్డాడో ఏమో, గబగబా కాగితం తిప్పాడు. విచిత్రం ఏమిటంటే సార్, మీరు కట్టని పేజీ ఉంది చూశారా, దానికి వందలకి వందలు. ఎవరో కుట్టుపని నేర్పే టీచరుగారు తన దగ్గర నేర్చుకునేవాళ్ళందరికీ చూడమని పంపారట, వాళ్ళు ఇంకొకళ్ళకి పంపారట. అదీకాక, దారం కింద గుత్తులు పడుతోంది అని జనం ఎలా అనుకుంటారో అలాగే వెతుకుతారు కదా, అచ్చం ఆ మాటలే ఆ పేజీలో ఉన్నాయి. యంత్రం దానంతటదే వచ్చి చేర్చేసుకుంది. అందుకని ఇప్పుడు దానికి కూడా కట్టేస్తే బాగుంటుందని ఆయన సలహా.

“ఊరికే చేరినదానికి డబ్బెందుకండీ?” అంది ఆమె.

ఇద్దరూ ఆమె వైపు చూశారు, గోడ మాట్లాడినట్టు. లిస్టింగాయన టై వదులు చేసుకుని, కడితే యంత్రం కొంచెం తొందరగా వచ్చి చూస్తుందమ్మా అన్నాడు. మూడు నెలల్లో ఆ నాలుగిటినీ ఎన్నిసార్లు వచ్చి చూసిందని అడిగింది. చూసిందిట, వారం వారం. చూసింది యంత్రం, చూడనిది మనుషులు. అంతే కదండీ అంది. అంతేనమ్మా అన్నాడాయన, పాపం, నిజాయితీపరుడే.

“ఆవిడకేం తెలుస్తుందిలెండి” అన్నాడు భర్త. “అది మేము రాయించిన పేజీయే. మనం అలా జనానికి పనికొచ్చేవి పెట్టాలని మొదటినుంచీ నా ఆలోచన. దానికీ కట్టేద్దాం. పైన నా ఫోటో ఒకటి వేసేస్తే నిండుగా ఉంటుంది.” తర్వాత ఆమె వైపు తిరిగి, “మధ్యాహ్నం ఆ ఫోటో ఎక్కించెయ్యి, తాళం నీ దగ్గరే ఉందిగా” అన్నాడు.

మేము, మనం, నా. మూడు ముక్కల్లో ముగ్గురు మనుషులయ్యాడు, ఒక్కదానిలోనూ ఆమె లేదు. ఆమెకి కొత్తగా కోపం రాలేదు. చిన్నప్పుడు ఎక్కాల్లో తప్పు దొరికినప్పటిలా, ఇంతకాలం ఎక్కడ తేడా వస్తోందో కనిపించింది. ఈయన దగ్గర పని ‘మనం’ చేద్దామంటే ఆమె చేయాలి, ‘మేము’ చేశామంటే ఆయన చేసినట్టు. ఆ పేజీ చివర ‘మేము చూస్తాం’ అని టైపు చేసింది ఎవరో కాదు, తనే. బయటివాళ్ళు చెరిపేస్తే పోట్లాడొచ్చు. తన చేత్తో తను చెరుపుకున్నదానికి ఎవర్ని అనాలి?

మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళ తాళం తీసింది. ఫోటో ఎక్కించలేదు. ‘మేము చూస్తాం’ తీసేసి ‘నేను చూస్తాను’ అని పెట్టింది. ఆ కిందనున్న షాపు నంబరు తీసేసి తన నంబరు వేసింది. మొత్తం మీద నాలుగు నిమిషాలు పట్టింది, షటిలు కడిగినంతసేపు కూడా కాదు. లిస్టింగాయనకి ఫోను చేసి, ఆ పేజీకి ఏమీ కట్టేది లేదని, మిగతా నాలుగింటి సంగతి వాటికి సొంతదారైన ఆయన్ని అడగమని చెప్పింది.

మర్నాడు పదకొండింటికి ఆమె ఒక పాత మిషను ముందుగదిలోకి మోసుకొచ్చి, వెలుతురు బాగుందని కౌంటరు మీదే విప్పుతోంది. ఇదేమిటి ఇక్కడ అని భర్త అడుగుతుండగానే ఫోను మోగింది. ఆయన అలవాటుగా చేయి చాచి, తన ఫోను చెవికి పెట్టుకున్నాడు. హలో అన్నాడు. మోత ఆగలేదు. ఆమె చేతులు గుడ్డకి తుడుచుకుని, చీరకుచ్చిళ్ళ పక్కన దోపుకున్న తన ఫోను తీసింది. అవతల ఎవరో ఆడమనిషి, మొహమాటంగా, మిషన్లు బాగుచేసేవాళ్ళతో మాట్లాడాలండీ అంది.

“మాట్లాడుతున్నాను, చెప్పండి.”