గెట్టు లేని పొలం

నాటింగ్‌హామ్ నుంచి ముప్పావుగంట కారు నడిపి విద్యాసాగర్ వాళ్లమ్మ లక్ష్మీబాయిని ఆ పాతకాలపు ఊరికి తీసుకొచ్చింది ఆవిడ పోరు పడలేకే. ఆవిడ కొడుకు దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. "ఈ దేశంల ఎవుసమే లేదారా? వీళ్లకు అన్నం యాడికెల్లొస్తది?" అని ఒకటే నస.

ఊరంతా కలిపి నలభై ఇళ్లు, ఒక చర్చి, ఒక పబ్బు. ఇళ్లు దాటగానే లక్ష్మీబాయి కాళ్లు ఆగిపోయాయి. కనుచూపు మేర గోధుమ, పట్టీలు పట్టీలుగా. మధ్యలో కంచె లేదు, కాలువ లేదు, గట్టన్నది లేనే లేదు.

"గెట్లేవిరా?"

"లేవమ్మా. ఇది పదిహేను మంది రైతులది. వందల ఏండ్ల సంది గిట్లనే చేస్తున్నరు."

"మరి కొట్టుకోరా?"

ఆవిడ నిజంగానే హడలిపోయింది. హడలిపోదూ మరి! రెండు మూరల గట్టు కోసమే కదా, పదకొండేళ్లుగా ఆవిడ ఇంటికీ మరిది ఇంటికీ మాటల్లేనిది. మొగుడు పోయిన ఏడే మరిది గడ్డపార పట్టుకొచ్చి హద్దురాయి జరిపాడని ఊరంతా వినేలా శాపనార్థాలు పెట్టింది. అమ్మ ఏడుపు చూసి విద్యాసాగర్ కాకతోనూ, కాక కొడుకు దినేశ్‌తోనూ తెగదెంపులు చేసుకున్నాడు. ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు! దినేశ్ ఇప్పుడు లీడ్స్‌లోనే ఉంటాడు, కారులో గంటన్నర. రెండేళ్ల కిందట "బాపు పోయిండన్నా" అని మెసేజ్ పెడితే, ఈ మహానుభావుడు చదివి, జవాబివ్వకుండా ఫోను బోర్లా పెట్టాడు.

దారి పక్కన ఒక ముసలి రైతు కొయ్య మేకు దిగ్గొడుతున్నాడు. విద్యాసాగర్ ఆయన్ని అడిగి, విన్నది అమ్మకు చెప్పాడు. ఏటా ఊళ్లో పన్నెండు మంది పొలమంతా నడిచి చూస్తారట. ఎవరైనా దున్నుతూ దున్నుతూ ఉమ్మడి పచ్చిక మీదికి వస్తే, అక్కడ మేకు కొట్టి జరిమానా వేస్తారట.

"ఈసారి దొరికిందెవలు?"

ముసలాయన టోపీ వెనక్కి నెట్టి, నవ్వుతూ ఏదో చెప్పాడు.

"నేనే అంటున్నడమ్మా. ఆ పన్నెండు మందికి పెద్ద గూడ ఈయనేనట. ఎవలూ చూడలేదట, తనే చెప్పుకున్నడట."

లక్ష్మీబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉన్నచోటే గడ్డిలో చతికిలబడింది. చలేమో అనుకుని విద్యాసాగర్ తన కోటు విప్పబోయాడు.

"రాయి జరిపింది నేనేరా," అంది.

"ఏ రాయి?"

"మన రాయి. మీ నాయిన పోయినంక మీ కాక భూమంత మింగుతడని భయమైంది. తెల్లారగట్ల పోయి రెండు మూరలు అటు జరిపిన. మర్నాడు ఆయన దాన్ని మల్ల ఉన్నకాడికే తెచ్చిపెడుతుంటే నలుగురు సూసిన్రు. నేను మొత్తుకున్న."

దొంగే దొంగా దొంగా అని అరవడం సామెతే అనుకున్నాడు విద్యాసాగర్ ఇన్నాళ్లూ.

"కాక దొంగనిపించుకునే సచ్చిపోయిండమ్మా!" అని అరిచాడు. మేకు కొడుతున్న ముసలాయన చెయ్యి ఆపి చూశాడు.

"దినేశ్‌కు ఫోన్ కొట్టు," అంది ఆవిడ.

నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. రెండో రింగుకే "అన్నా?" అని వినిపించింది. లక్ష్మీబాయి ఫోను లాక్కుంది.

"దినేశా, మీ పెద్దమ్మను బిడ్డా. ఆ రాయి మీ బాపు జరపలే. నేనే జరిపిన."



"ఎరుకే పెద్దమ్మా. నువ్వు జరిపేటప్పుడు బాపు సూసిండు," అన్నాడు దినేశ్. "మా అన్న పోయిన ఇల్లు, వదినను బజార్ల నిలవెట్టొద్దు అన్నడు. పోనీ విద్యాసాగరన్నకొక్కనికన్న చెప్తనంటే, వద్దు బిడ్డా, వాడు తల్లి మొకం సూడడు అన్నడు."

విద్యాసాగర్ అప్పటికే తల్లికి వీపు తిప్పి నిలబడి ఉన్నాడు.