జరిపి కుట్టిన గుండీ

ఇస్త్రీపెట్టె వేడికి కొట్టు కుంపటిలా కాగుతోంది. అయినా దర్జీ కూతురు ఉన్ని కోటు విప్పలేదు. మిషను ముందు కూర్చుని గోడకేసి చూస్తోంది. ఆమె ఒళ్ళో ఉన్న బడిపిల్లల చొక్కాకు ఎడమ చెయ్యి కుడివైపు అతికి ఉంది. పదేళ్ళుగా కళ్ళు మూసుకుని కూడా చేతులు అతికించగల మనిషి.

దర్జీ ఆ చొక్కా తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"వదిలెయ్ నాన్నా. నా వల్ల ఏదీ కాదు," అందామె. గొంతు బొంగురుపోయింది.

"చొక్కాదేముందమ్మా, విప్పితే మళ్ళీ గుడ్డే."

"మనుషులూ అలా ఉంటే బాగుండును."

అంతలో అల్లుడు వచ్చాడు. బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భార్యకేసి ఒకసారి చూసి, మామగారిని మెట్ల మీదికి పిలిచాడు. విప్పుతున్న చొక్కా, కత్తెర చేతిలో పట్టుకునే వెళ్ళాడు దర్జీ.

"ఆరు నెలలైంది మామయ్యా. మనసు డాక్టరు మాత్రలు మార్చి మార్చి ఇస్తున్నాడు. ఈవిడ పదింటికి లేస్తుంది, లేచి ఏడుస్తుంది. నేనే వండి, నేనే తోమి బస్సెక్కుతున్నాను. నిన్న నిద్రమత్తులో స్టాపు దాటించేస్తే జనం మీద పడి కొట్టినంత పని చేశారు. ఇక నా వల్ల కాదు. ఆదివారం మా అక్క దగ్గర దింపేస్తాను. అక్క నోరు గట్టిది, బద్ధకం వదిలిస్తుంది."

"బద్ధకం కాదేమో నాయనా."

"మరేంటి? నా మొహం చూసి ఏడుస్తోందా? ఈ మొహం పెళ్ళినాడూ ఇలాగే ఉంది కదా!" నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "రోగం ఉంటే డాక్టరు చెప్పడా? మొదటిరోజే అడిగాడు, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా అని. మీ అమ్మాయి లేదంది. అక్కడితో ఆ సంగతి అయిపోయింది."

దర్జీ చేతిలో కత్తెర ఆగిపోయింది. కూతురు అబద్ధం చెప్పలేదు. ఆమెకు తెలియదు. తెలియకుండా చేసింది తనే. మీ అమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో పోయిందని పన్నెండేళ్ళ పిల్లకు చెప్పాడు, ఆ మాటనే ఇన్నేళ్ళూ నిలబెట్టుకుంటూ వచ్చాడు. ఇప్పుడు నోరు విప్పితే కూతురి దృష్టిలో తానేమవుతాడో ఆయనకు తెలుసు. విప్పకపోతే ఆదివారం వస్తుంది.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "మీ అత్తయ్యకు ఉండేది బాబూ," అన్నాడు.

అల్లుడు కూడా కూర్చున్నాడు.

"మెడ దాకా గుండీలుండే గౌన్లు వేసుకునేది. మెడ దగ్గర బిగుతుగా ఉందండీ అంది ఓ రోజు. దర్జీని కదా, గుండీ జరిపి కుట్టాను. నాలుగు నెలలకు మళ్ళీ అంది, మళ్ళీ జరిపాను. మూడోసారి మెడపట్టీయే మార్చేశాను. పదమూడు అంగుళాల మెడ పద్నాలుగున్నర అయింది. టేపు నా చేతిలోనే ఉంది, అంగుళాలు చూశాను గానీ మనిషిని చూడలేదు. ఎప్పుడూ చలి అనేది. పడుకునే ఉండేది, ఏడ్చేది. దిగులన్నారు, నిద్రమాత్రలిచ్చారు. ఒక చలికాలం ఊపిరితిత్తులకు జబ్బు చేసి స్పృహ తప్పింది, మళ్ళీ లేవలేదు. అప్పుడు ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ మెడ తడిమి, ఇది థైరాయిడ్, ఈ వాపు ఎన్నాళ్ళుగా ఉంది అని అడిగింది. నెలలతో సహా చెప్పగలను. తెలీదన్నాను."

కింద వీధిలో ఎవరో గట్టిగా నవ్వుకుంటూ వెళ్ళారు. అల్లుడు లేచి, "రేపు సెలవు పెడతాను," అన్నాడు. ఎందుకు దాచారని అడగలేదు. ఆ ఒక్క దయకు దర్జీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

మర్నాడు ముగ్గురూ ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళి థైరాయిడ్ పరీక్ష రాయించుకున్నారు. రక్తం తీసే అమ్మాయి కూతురి చేయి పట్టుకుని, "ఇంత చల్లగా ఉందేంటక్కా!" అంటూ సూది గుచ్చే ముందు రెండు అరచేతులతో రుద్ది వెచ్చబెట్టింది. రెండు రోజులకు కాగితం వచ్చింది. డాక్టరు చూసి తలూపాడు. "థైరాయిడ్ హార్మోను బాగా తగ్గిపోయింది. దిగులుకు ఇదొక్కటే కారణమని నేననను, ఆ మాత్రలు ఆపకండి. కానీ ఇది ఇలా ఉండగా అవి మాత్రం ఏం పనిచేస్తాయి? ఇంట్లో ఎవరికీ లేదన్నారు కదా?"

"వాళ్ళమ్మకు ఉండేది," అన్నాడు దర్జీ. కూతురు తల తిప్పి ఆయనకేసి చూసింది.

ఆదివారం అల్లుడు ఎవరినీ ఎక్కడా దింపలేదు. ఆ తర్వాత రోజూ మొదటి బస్సుకు వెళ్ళేముందు భార్యను లేపి, పరగడుపున థైరాయిడ్ మాత్ర వేయించి, "ఇక పడుకో మహారాణీ" అని దుప్పటి కప్పి వెళ్ళేవాడట.

మూడు వారాలు ఏ మార్పూ కనబడలేదు. ఐదో వారంలో ఒక రోజు ఆమె పది చొక్కాల చేతులు తప్పు లేకుండా అతికించి, మిషను ఆపింది.

"అమ్మ ఏడ్చినప్పుడు నువ్వేమనేవాడివి నాన్నా?"

ఓదార్చేవాణ్ణని చెప్పొచ్చు. నమ్ముతుంది కూడా. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాటకాలు చాలించమనేవాణ్ణి."

ఆమె చేతివేళ్ళకేసి చూసుకుంది. కోపం వస్తుందని, రావాలని ఆయన ఎదురుచూశాడు.

"బడి నుంచి రాగానే అమ్మ పక్కన చేరేదాన్ని," అంది చివరికి. "అటు తిరిగి పడుకునేది. నేనంటే ఇష్టం లేదనుకున్నాను నాన్నా. ఈ రోజు దాకా అలాగే అనుకుంటున్నాను."

ఇది ఆయనకు తెలియదు. పదేళ్ళు పక్కపక్క మిషన్ల మీద పనిచేసినా తెలియలేదు.

ఆమె ఏడ్చింది. ఇన్ని నెలలుగా ఆయన చూసిన ఏడుపు కాదది. అది ఎందుకు వచ్చేదో ఆమెకే తెలిసేది కాదు. ఇది వాళ్ళమ్మ కోసం. దర్జీ లేచి ఇస్త్రీపెట్టె ఆపి, కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.