ఉరుకు అంటే

నేను ఒక నిఘంటువును. తొమ్మిది వందల పేజీలు, గట్టి అట్ట, అంతకన్నా గట్టి అహంకారం. రాజమండ్రిలో ఒక అచ్చాఫీసులో పుట్టాను. నన్ను కూర్చిన పండితుడు ఊరు దాటి ఎరగడు. తన వీధిలో వినపడని మాట ఆయన లెక్కలో మాటే కాదు. ఆ గుణమే నాకూ వచ్చింది. ఒక మాటకు అర్థం అడిగితే ఇంకో మాట చూపిస్తాను. దానికీ అర్థం అడిగితే మళ్ళీ మొదటిదాని దగ్గరికే పంపిస్తాను. దీన్ని జనం పాండిత్యమన్నారు, నేను కాదనలేదు.

విశ్వపతిగారు నన్ను కాలేజీ రోజుల్లో కొన్నారు. అధికారిగా కరీంనగర్ వైపు బదిలీ అయినప్పుడు వెంట తీసుకెళ్ళారు. అక్కడ రాళ్ళ క్వారీలో పనిచేసే నాంపెల్లి నీటిగుంతలో పడి చనిపోయాడు. విచారణ ఆయనకు అప్పగించారు.

చూసిన మనిషి ఒక్కతే, రాళ్ళు మోసే ముసలి ఎల్లవ్వ. "నేను సూస్తుండంగనే గుంత దిక్కు ఉరికిండు సారూ" అంది.

విశ్వపతిగారు నన్ను తెరిచారు. 'ఉరుకు: దూకు, గెంతు' అని ఠీవిగా చెప్పాను. ఆయన కాగితం మీద 'గుంతలోకి దూకాడు, ఆత్మహత్య' అని రాసి పైకి చదివారు.

నాంపెల్లి భార్య బుచ్చవ్వ దిగ్గున లేచింది.

"నా పెనిమిటి ఎందుకు దుంకుతడు సారూ? పొద్దుగాల బిడ్డకు జడేసి పోయిండు. రేపు దానికి నేనేం జెప్పాలె, మీ నాయినే నిన్ను ఇడిసిపెట్టి పోయిండనా?"

విశ్వపతిగారు ఎల్లవ్వ వైపు తిరిగారు. "ఉరికాడని నువ్వే అన్నావు కదమ్మా?"

"అవ్, ఉరికిండు."

"ఉరకడమంటే ఏమిటి?"

ఎల్లవ్వ ఆయన్ని జాలిగా చూసింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, డెబ్బై ఏళ్ళ కాళ్ళతో ఆఫీసు గది ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెత్తింది. బీరువాకు గుద్దుకుని ఆగి, రొప్పుతూ, "గిట్ల! మీదికెల్లి బండ దొర్లుతుంటే పానం దక్కిచ్చుకుందమని గిట్ల ఉరికిండు. అంచుకు కాలు జారింది" అంది.

"మరి దూకడాన్ని ఏమంటారు?"

"దుంకుడంటం. గది గూడ తెల్వదా?"

నా తొమ్మిది వందల పేజీలు చేయలేని పని ఆ ముసలమ్మ పది అంగల్లో చేసేసింది.

విశ్వపతిగారు నన్ను మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. "విన్నది ఆమె మాట, అర్థం చేసుకున్నది నా మాట" అని గొణుక్కున్నారు. రాసిన కాగితం చింపేశారు. నా అంచున సిరాతో 'పరుగెత్తు' అని చేర్చారు. నా ఒంటిమీద తప్పు దిద్దించుకోవడం అదే మొదలు. సిగ్గేసింది, చక్కిలిగింత కూడా పెట్టింది.

తర్వాత కొత్త కాగితం చదివారు: "బండ నుంచి తప్పించుకోబోయి, పరుగెత్తుతూ, కాలు జారి..."

"ఇంకోపాలి సదువుండ్రి సారూ" అంది బుచ్చవ్వ.

మళ్ళీ చదివారు. అప్పుడామె గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది ఏడుపో నవ్వో నేను చెప్పలేను. నాలో ఆ రెండు మాటలూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి.