కుంచం పట్టిన చేయి

రోక్వాల్ సంతలో గంట కొట్టడం మానేసిన శనివారమే రొట్టెల కొలోంబ్ గుండెలో గుబులు మొదలైంది.

అంతకుముందు సంతకు ఒక పద్ధతి ఉండేది. పొద్దున తెచ్చిన గోధుమలు మధ్యాహ్నం గంట మోగేదాకా ఊరివాళ్లే కొనుక్కోవాలి. ఆ తర్వాత రొట్టెలు కాల్చేవాళ్లు. వాళ్లూ కొనగా మిగిలితేనే పైఊరి వర్తకులు. తాతల నాటి పద్ధతి అది. ఆ ఏడు పారిస్‌లో కొత్త రాజు, కొత్త మంత్రి వచ్చారు. ఆకురాలు కాలానికల్లా కొత్త శాసనం వచ్చింది: ఎవరైనా, ఎక్కడైనా, ఎంతకైనా కొనవచ్చు, అమ్మవచ్చు, ఆపే హక్కు ఎవరికీ లేదు. సంత పెద్ద ఆ గంటను దింపి గుడ్డ చుట్టి కొట్టులో పడేశాడు.

ఊళ్లో అందరికన్నా సంతోషించినవాడు కొలోంబ్ తమ్ముడు యూస్తాష్. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది కొలోంబే. ఇప్పుడు మఠం భూములన్నీ వాడే కౌలుకు చేస్తున్నాడు. చుట్టుపట్ల అంత పెద్ద సేద్యం ఇంకొకరికి లేదు. పెళ్లి మాటెత్తితే నవ్వి తప్పించుకునేవాడు కానీ పారిస్ నుంచి పుస్తకం వచ్చిందంటే మాత్రం భోజనం మరిచిపోయేవాడు.

"ఇక నీకు పండగే అక్కా! ఏటికి ఇటు పారు, అటు పారు అని ఎవరైనా చెప్తారా? గోధుమలూ అంతే, వాటికి తల్లీ చెల్లీ ఉండరు. ధర ఉన్నచోటికి అవే పోతాయి. ధర బావుంటే రైతు ఇంకో నాలుగు చేలు విత్తుతాడు. రెండేళ్లు ఓపిక పట్టు, రొట్టె ఎంత చవకవుతుందో చూడు."

"ఆ రెండేళ్లూ కడుపును కొక్కానికి తగిలించుకోమంటావట్రా?"

యూస్తాష్ పకపకా నవ్వాడు. కొలోంబ్‌కూ నవ్వొచ్చింది. వాడి మంచితనం ఆమెకు తెలుసు. దొంగలెక్క రాయడు, కూలీని తిట్టడు. పుస్తకంలో చదివింది నమ్మినవాడు, అంతే.

ఆ ఏడు వానలకు కంకులు కుళ్లాయి. చలికాలం గడిచేసరికి రొట్టె ధర సగానికి సగం పెరిగింది. కొలోంబ్ పిండిలో తవుడు కలపడం మొదలుపెట్టింది. తర్వాత చిక్కుడు పిండి కూడా కలిపింది. మొగుడు పోయాక ఆరేళ్లుగా అంగడి నడుపుతున్నా తన చేతులవైపు జనం అలా చూడటం ఆమె ఎప్పుడూ ఎరగదు. రొట్టె తూస్తుంటే రొట్టెను కాదు, ఆమె వేళ్లను చూసేవారు.

అన్నిటికన్నా భయం వేసేది వాజ్ నది దగ్గర. గోధుమల పడవలు ఒకదాని వెనుక ఒకటి పారిస్ వైపు దిగిపోతూ ఉండేవి. రేవులో బట్టలుతికే ఆడవాళ్లు పడవ కనబడగానే ఉతకడం ఆపేసేవారు. అది మలుపు తిరిగేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు. చాకలి జాకొత్ ఒక్కతే ఏదో ఒకటి అనేది. కొలోంబ్‌కు చిన్ననాటి స్నేహితురాలు ఆమె. మొగుడు తిబో పడవలకు తాడు కట్టి ఒడ్డు వెంట లాగే కూలి.

"చూశావా అక్కా, నా మొగుడు భుజం పుండు పడేలా లాగుతున్నాడు. ఏం లాగుతున్నాడయ్యా అంటే, మన నోటి దగ్గరి కూడు."

ఒక పొద్దున కొలోంబ్ అంగడి తలుపు తీయబోతే దాని మీద బొగ్గుతో ఉరితాడు గీసి ఉంది. గీసిన చేయి ఎవరిదో ఆమె వెతకలేదు. తడిగుడ్డతో తుడిచి, తిన్నగా తమ్ముడి ఇంటికి నడిచింది.

"నీ గాదెలో ఉన్నది సంతకు తోలు."

"తోలకేం? నేను దాచుకునేవాణ్ణి కాదక్కా. సగం పారిస్ వర్తకుడికి అమ్మాను, మిగతాది శనివారం తెస్తాను. జనానికి సంగతి వివరంగా చెప్పినవాడు లేడు, అదే లోపం. నేను చెప్తాను."

"వద్దురా తమ్ముడూ. ధర చెప్పి ఊరుకో. ఆకలిమీదున్నవాడికి వివరం చెప్తే కర్రతో కొట్టినట్టుంటుంది."

వాడు అర్థమైనట్టే తలాడించాడు.

శనివారం మూడు బళ్లతో వచ్చాడు యూస్తాష్. బళ్లను చూసి జనం దారి ఇచ్చారు. ఒకరిద్దరు టోపీలు కూడా తీశారు. వాడు ధర చెప్పాడు. అది పోయిన శనివారం ధరకన్నా ఎక్కువ.

"ఏమయ్యా, వారంలో అంత పెరిగిందేం? నీ గోధుమలు బడికెళ్లి చదువుకొచ్చాయా?" అంది జాకొత్, తడి చేతులు నడుముకు తుడుచుకుంటూ.

జనం గొల్లుమన్నారు. యూస్తాష్ కూడా నవ్వేసి అక్కడితో ఆగితే ఏమయ్యేదో. వాడు బండెక్కాడు. సొంత బిడ్డలకు పాఠం చెప్పే అయ్యవారిలా, ఎంతో ప్రేమగా, మొదలుపెట్టాడు. ధర అనేది మనిషి పెట్టేది కాదన్నాడు. ఇవాళ్టి ధర రేపటి పంటకు ఎరువన్నాడు. నది, పల్లం, నీళ్లు, అన్నీ చెప్పాడు.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పడవల కూలీలు గడకర్రలు పట్టుకుని రేవు నుంచి వచ్చి వెనక నిలబడ్డారు. వాడు మాట్లాడుతున్నకొద్దీ ఆ సంతలో వాడి గొంతు, పిచ్చుకల చప్పుడు తప్ప ఏదీ వినబడటం లేదు. అంగడి గుమ్మంలో నిలబడి కొలోంబ్ చూస్తోంది. 'దిగరా నాయనా, దిగు' అనుకుంది.

"నీళ్లు పల్లానికి పోతాయన్నావుగా! నిన్ను ఏట్లో వేస్తే ఎటు పోతావో చూద్దాం!" అన్నారెవరో వెనకనుంచి.

అంతే. పది చేతులు వాణ్ణి బండి మీంచి లాగేశాయి. చొక్కా చిరిగింది. కోటు తలమీదికి వచ్చి ముఖం కప్పేసింది. జనం వాణ్ణి గోనెసంచిని ఈడ్చినట్టు రేవువైపు ఈడ్చుకుపోయారు. కొలోంబ్ పరుగెత్తింది. బండిలో ఉన్న కొలత కుంచం చేతికి దొరికితే దాన్నే పైకెత్తి, గొంతు చించుకుని అరిచింది.

"ఆగండి! నేను కొలుస్తాను! పాత ధరకే కొలుస్తాను! వాడు చచ్చిపోతే మీకు గింజ కూడా రాదు, సైన్యం వస్తుంది!"

కుంచం చూసి ఆగారో, ఆమె గొంతు విని ఆగారో తెలియదు కానీ ఆగారు. జాకొత్ ముందుకొచ్చి ఆడవాళ్లను వరసలో నిలబెట్టింది. "తోసుకోకండే, మనమేం దొంగలమా? డబ్బిచ్చి కొంటున్నాం!" అని గదమాయించింది. కొలోంబ్ మోకాళ్ల మీద కూర్చుని సాయంత్రందాకా కొలిచింది. ప్రతివాళ్లూ గంట కాలం నాటి ధర ఆమె ఒళ్లో వేసి వెళ్లారు. ఊరికే పట్టుకెళ్లినవాడు ఒక్కడూ లేడు. బళ్లు ఖాళీ అయ్యాక ఆ డబ్బంతా తెచ్చి తమ్ముడి ముందు పోసింది. వాడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తాకలేదు.

"నన్ను దోచావక్కా."

"బతికించానురా."

వాడు తల పక్కకు తిప్పుకున్నాడు.

మంగళవారం గుర్రపు దండు దిగింది. వస్తూనే అంగడికి ఎదురుగా ఉరికొయ్య పాతారు. తక్కువ ధరకు తీసుకున్నవాళ్లంతా దొంగలే, గోధుమలు గానీ మిగతా డబ్బు గానీ తిరిగి ఇచ్చినవాళ్లకు క్షమాపణ, గుంపును నడిపిన పెద్దలకు మాత్రం లేదని చర్చిలో ఫాదర్ చదివాడు. అప్పటికే గోధుమలు పిండై, రొట్టై, కడుపుల్లోకి వెళ్లిపోయాయి. ఇక డబ్బా, అది ఉంటే గొడవెందుకొస్తుంది?

విచారణ అధికారి అందరినీ అడిగింది ఒకే ఒక ప్రశ్న. "కుంచం పట్టింది ఎవరు?" ఎవరు కొలిచారో వాళ్లే గుంపుకు పెద్ద అని ఆయన లెక్క. ఊరు ఊరంతా ఎండ కళ్లలో పడిందనీ, జనం అడ్డొచ్చారనీ చెప్పింది. చివరికి యూస్తాష్‌ను పిలిపించారు. వాడు వెళ్లొచ్చిన గంటకే సైనికులు రేవుకు వెళ్లి జాకొత్‌ను పట్టుకున్నారు. ఆమె చేతులకు ఇంకా బూడిద నీళ్లు అంటుకునే ఉన్నాయి.

కొలోంబ్‌కు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తమ్ముడు ఇంట్లో బల్లముందు కూర్చుని ఉన్నాడు.

"దాని పేరు చెప్పావా?"

"మరి నీ పేరు చెప్పమంటావా? ఆ కొయ్య చూశావా అసలు?"

"నా గుమ్మం ముందే పాతారు, చూడకేం."

"ఎవరో ఒకరి పేరు కావాలన్నాడక్కా. చెప్పకపోతే నువ్వే కనబడుతున్నావు. నువ్వు నా తల్లివి. ఏం చేయను?"

"గోధుమలకు తల్లీ చెల్లీ ఉండరన్నావుగా. నీ చట్టానికి మాత్రం అక్క ఎక్కడినుంచి వచ్చిందిరా?"

వాడు భోరుమన్నాడు. చిన్నప్పుడైతే దగ్గరకు తీసుకునేది. ఇప్పుడు చేయి లేవలేదు. అక్కడినుంచే అధికారి దగ్గరకు నడిచింది.

ఆయన ఉడికిన గుడ్డు పెంకు తీస్తున్నాడు. ఎంతో మర్యాదగా కూర్చోమన్నాడు, చెప్పిందంతా విన్నాడు.

"మీ తమ్ముడు దేవుడి మీద ప్రమాణం చేశాడమ్మా. మీది నిజమైతే ఆయనది దొంగ ప్రమాణం. దానికి ఓడరేవు జైల్లో గొలుసులు. ఆలోచించుకోండి. నాకు కావలసింది ఒక చేయి. ఎవరి చేయి అని పారిస్‌లో ఎవరూ అడగరు."

"ఆ చేయి నాది."

"అయితే ఆయన్ను వచ్చి చెప్పమనండి." గుడ్డు మీద ఉప్పు చల్లుకుని, తలుపువైపు చూపించాడు.

వానలో తడుస్తూ మళ్లీ తమ్ముడి దగ్గరకు వెళ్లింది. లోపలికి వెళ్లలేదు. గుమ్మంలోంచే చెప్పింది, "వచ్చి మాట మార్చుకో. నీకేం శిక్ష పడుతుందో నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను." చెప్పి వెనుదిరిగింది. వాడు వస్తాడని ఆమె అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, టోపీ చేతిలో ఉంది. "నా ముఖం మీద కోటు పడింది, కళ్లు కనబడలేదు, భయంలో తప్పు పేరు చెప్పాను. కొలిచింది మా అక్క. కొలవకపోతే నన్ను ముంచేసేవారు. నేనివాళ ప్రాణంతో ఉన్నది దానివల్లే" అన్నాడు. నష్టపోయిన రైతే దోషిని మెచ్చుకుంటూ నిలబడితే ఏం చేయాలో అధికారికి తోచలేదు. విసుక్కుని, వాడికి జరిమానా వేసి, ఎందుకైనా మంచిదని ఆడవాళ్లిద్దర్నీ జైల్లోకి తోయించాడు.

ఆ తడి గదిలో గోడకు చేరగిలబడి జాకొత్ అంది, "నా బతుక్కి ఒక్కసారి గోధుమలు కొలిచే చేయి నాదన్నారు. అదీ అబద్ధమే అయిందే అక్కా." అని నవ్వింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది.

ఈలోగా పారిస్‌లో ఇద్దరు మగవాళ్లను నడివీధిలో ఉరితీశారన్న కబురొచ్చింది. భయపెట్టడానికి ఆ రెండు ప్రాణాలు చాలాయి కాబోలు, రోక్వాల్ కొయ్యకు పని పడలేదు. జూన్‌లో రాజుకు పట్టాభిషేకమైంది. ఆ సంబరంలో జైలు తలుపులు తీశారు. కొలోంబ్ రొట్టెలు కాల్చే హక్కు పోయింది. పొయ్యికి సీలు వేశారు. జాకొత్ జైలు జ్వరంతో ఇంటికొచ్చింది. మొగుడు పట్టిన గంజి కూడా దిగలేదు. పది రోజులకు పోయింది.

ఆ వేసవిలో పంట మాత్రం బంగారంలా పండింది. యూస్తాష్ చేలచుట్టూ తుపాకీ సైనికులను కాపలా పెట్టారు. వాడు అడగలేదు, ప్రభుత్వమే పెట్టింది. కోతల తొలిరోజు పొద్దున కొలోంబ్ కూడా వెళ్లింది. పెళ్లాం లేని తమ్ముడి తరఫున ఏటా కోసి కట్టిన మొదటి పన అందుకునేది ఆమే. ఏటా కోతగాళ్లు పాట పాడుతూ, మేలమాడుతూ వచ్చేవారు. ఈసారి కొడవళ్లు పట్టుకుని గట్టు మీద వరసగా నిలబడ్డారు. చేలో కాలు పెట్టలేదు.

"రండి, మంచు ఆరిపోయింది" అన్నాడు యూస్తాష్.

ఎవరూ కదల్లేదు. తిబో నోరు విప్పాడు. "పోయినేటి కూలికి రాము దొరా. రొట్టె పెరిగింది. మా చేతులకూ ధర పెరిగింది."

యూస్తాష్ పుస్తకాల ప్రకారం తిబో అన్నది సబబే. తమ్ముడి ముఖంలో అది కొలోంబ్‌కు కనబడింది. 'సరే' అనబోయాడు కూడా. ఈలోగా దండు నాయకుడు గుర్రాన్ని ముందుకు తోలాడు.

"కూలీలు కూడబలుక్కుని కూలి పెంచమనడం నేరం. కోస్తారా, మీలో నలుగుర్ని తీసుకుపొమ్మంటారా?"

"మరి గోధుమలకు?" అన్నాడు తిబో.

"గోధుమల సంగతి వేరు."

తుపాకులు భుజాలకెక్కాయి. యూస్తాష్ నాయకుడివైపు చూశాడు, కోతగాళ్లవైపు చూశాడు, తర్వాత నేలచూపులు చూశాడు. కోతగాళ్లు ఒకరి తర్వాత ఒకరు చేలోకి దిగారు. పాట లేదు. కొడవళ్లు కరకరమని కోస్తున్న చప్పుడొక్కటే చేనంతా పాకింది. ఆ చప్పుడుకు సైనికుల గుర్రాలు చెవులు నిక్కించాయి.

"అక్కా, నువ్వు ఇంటికి పో" అన్నాడు యూస్తాష్ మెల్లగా.

కొలోంబ్ గట్టుమీద పడి ఉన్న కొడవలి ఒకటి తీసుకుంది. చీలమండలకు గుచ్చుకుంటున్న మోళ్ల మీదుగా నడిచి వరస దగ్గరకు వెళ్లింది. తిబో ఆమె ముఖం చూడలేదు కానీ ఒక అడుగు పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె వంగి మొదటి గుప్పెడు కోసింది. వెనక, సైనికుల మధ్య, యూస్తాష్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.