హాజరు పత్రం, ఒకటి

ఎనిఫా ఛిర్వా పదకొండేళ్ళుగా మా ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్‌కు తాత్కాలిక ఇన్‌ఛార్జి. తాత్కాలిక అన్న మాటను ఆమె గది తలుపు మీద మొదట సుద్దముక్కతో రాశారు. ఐదో ఏట ఎవరో దాన్ని రంగుతో రాయించి శాశ్వతం చేశారు. పుట్టింటి పేరు పట్టి అందరం ఆమెను న్యఛిర్వా అని, ఎదురుగా ఉంటే అమాయి, అంటే అమ్మా, అని పిలిచేవాళ్ళం.

పదవిని ఖాయం చేయవలసిన ఇంటర్వ్యూ బృందం నాలుగేళ్ళకొకసారి రాజధాని లిలోంగ్వే నుంచి సరస్సు ఒడ్డున ఉన్న మా జిల్లాకు వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె ఆపరేషన్‌లో ఉంది. రెండోసారీ అంతే. రెండుసార్లూ గైర్హాజరు అని నమోదైంది. మూడోసారి కూడా హాజరు కాని అభ్యర్థి ఆ పదవికి ఎప్పటికీ అనర్హురాలని నిబంధన. అప్పుడు మా థియేటర్ పళ్ళ విభాగంలోని ఒక పెద్దమనిషి చేతికి వెళుతుంది. రక్తం చూస్తే ఆయనకు కుర్చీ కావాలి.

మూడోసారి బృందం వచ్చిన మంగళవారం, ఉదయం పదిన్నరకు, ఆమె మళ్ళీ ఆపరేషన్‌లోనే ఉంది.

బృందం అంటే ఆ రోజు అధ్యక్షుడు మసెకో ఒక్కడే. మిగతా ఇద్దరు సభ్యులకు పెట్రోలు దొరకలేదు. ఆయన తోలుపెట్టె పట్టుకుని వరండాలోని ఎర్ర గీత దాకా వచ్చి ఆగాడు. వీధి చెప్పులు, వీధి బట్టలు ఆ గీత దాటకూడదు.

"ఆవిణ్ణి బయటికి రమ్మను. పది నిమిషాల పని," అన్నాడు నాతో.

"చేతులు కడిగేసుకుంది బ్వానా. గౌను, తొడుగులు వేసేసుకుంది. ఇక ఆ తల్లి కడుపు కుట్టేదాకా రాదు."

"అయితే మూడో గైర్హాజరు," అంటూ ఆయన పెట్టె తెరవబోయాడు.

తలుపు అవతలి నుంచి ఆమె గొంతు వినిపించింది. "లుసెకెలో, పెద్దాయనకి థియేటర్ బట్టలియ్యి. నేను బయటికి రాలేను గానీ, ఆయన లోపలికి రావచ్చుగా."

మిగిలిన పైజామాకు నాడా లేదు; కట్టుగుడ్డతో బిగించాను. మిగిలిన బూట్లు రెండూ ఎడమ కాలివే. పెట్టె, దానిలోని ప్రశ్నల పత్రం గీత అవతలే ఉండిపోయాయి. కట్టుగుడ్డను ఒక చేత్తో పట్టుకుని, రెండు ఎడమ పాదాలతో, అధ్యక్షుడు లోపలికి నడిచాడు.

బల్ల మీద ఉన్నది న్యగోండ్వె, బజారులో ఎండుచేపలు అమ్మే మనిషి. అది ఆమెకు మూడో కోత. మత్తు నడుము వరకే ఇచ్చాం కనుక, ఛాతీ మీద కట్టిన తెరకు ఇవతల ఆమె తల పూర్తిగా మేలుకుని ఉంది. తెరకు అవతల మా సర్జన్ కలువా కోస్తున్నాడు. న్యఛిర్వా పనిముట్లు అందిస్తున్నది. నేను గౌను లేనివాణ్ణి. పొట్లాలు విప్పడం, గోడ మీది బోర్డులో లెక్క రాయడం నా పని. బల్ల మీదికి పోయిన ప్రతి వస్తువునూ ఇద్దరం పైకి చెబుతూ లెక్కించాలి. కుట్టే ముందు మళ్ళీ లెక్కించాలి.

"ఎవరీయన?" అంది న్యగోండ్వె.

"లిలోంగ్వే నుంచమ్మా. నా ఇంటర్వ్యూకి."

"నా కాన్పులోనా? సరే కానీండి, నాకూ పొద్దుపోతుంది."

మసెకో గొంతు సవరించుకుని జ్ఞాపకం మీద మొదలుపెట్టాడు. "నాయకత్వం అంటే ఏమిటో నిర్వచించండి."

"మాపు," అంది న్యఛిర్వా. అది జవాబు కాదు. రక్తం అద్దే గుడ్డ కలువాకు అందించింది. "నాయకత్వమంటే, బ్వానా, అడక్కముందే అందించడం."

"సహోద్యోగితో వచ్చిన తగవును ఎలా పరిష్కరించారో ఒక ఉదాహరణ చెప్పండి."

"వెనక్కి జరగండి."

"ఏమిటి?"

"మీ మోచెయ్యి నా బల్లకి జానెడు దూరంలో ఉంది. జరగండి. ఇంకొంచెం. చాలు. ఇదే ఉదాహరణ."

"మార్కులెయ్యండయ్యా," అంది తెర ఇవతలి తల.

మూడో ప్రశ్న, రానున్న ఐదేళ్ళలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారన్నది, సగంలో ఉండగా ఆడపిల్ల పుట్టి ఏడ్చింది. మసెకో మర్యాద తెలిసినవాడు. పిల్ల ఏడుపు ఆపేదాకా ఆగి, మిగతా సగం అడిగాడు.

"ఇక్కడే. ఈ తలుపు మీద ఒక మాట తక్కువగా," అంది ఆమె.

ఇంటర్వ్యూ ముగిసింది. ఆపరేషన్ ముగియలేదు. పాత కోతల అతుకులు ఊడదీస్తుంటే రక్తం ఆగడం లేదని, ఇంకో గంట పడుతుందని కలువా చెప్పాడు. మసెకో గడియారం చూశాడు. హాజరు పత్రం మీద అభ్యర్థి స్వహస్తంతో, ఆయన కళ్ళ ముందు, పన్నెండు లోపల సంతకం చేయాలి. లేకపోతే ఇంతసేపూ మాట్లాడినది ఎవరో నిబంధనల ప్రకారం తెలియదు.

"ఒక్క చెయ్యి ఇలా ఇవ్వండి, అమాయి. రెండు క్షణాలు."

"ఈ చెయ్యి మీ కాగితం ముట్టుకుంటే మళ్ళీ ఈవిడ కడుపు ముట్టుకోకూడదు."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"మా బల్ల మీదికి ఏం రావాలన్నా ఉడికి రావాలి. మీ కాగితమూ అంతే."

నేను గీత అవతలి పెట్టెలోంచి ఆ పత్రాన్ని తెచ్చి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, పక్క గదిలోని చిన్న ఆటోక్లేవ్‌లో ఇరవై నిమిషాలు ఆవిరి పట్టించాను. బయటికి తీసేసరికి ప్రభుత్వ ముద్ర కాస్త ఉబ్బింది గాని అక్షరాలు నిలిచాయి. కలాన్ని ఉడికిస్తే కరిగిపోతుంది కనుక, పుండ్లకు పూసే ఊదా మందులో పుల్ల ముంచి ఆమె సంతకం చేసింది. కాగితం మూలన, ఆమె తొడుగు నుంచి, న్యగోండ్వె రక్తంతో ఒక బొటనవేలి ముద్ర కూడా పడింది.

"లెక్కలో రాయి," అంది నాతో.

నేను రాశాను: మాపులు, పది. సూదులు, ఆరు. పనిముట్లు, ముప్పైనాలుగు. హాజరు పత్రం, ఒకటి.

పత్రాన్ని ఆమె వాడేసినవి ఉంచే పళ్ళెంలో పెట్టింది. లెక్క పూర్తయ్యేదాకా గది నుంచి ఏదీ బయటికి పోకూడదు. ఈ సంగతి మసెకోకు ఎవరూ చెప్పలేదు. తనదనుకున్న కాగితం ఆయన తీసుకుని నిశ్శబ్దంగా వెళ్ళిపోయాడు.

పన్నెండుకు పది నిమిషాలుండగా రక్తం ఆగింది. న్యఛిర్వా, నేను లెక్క మొదలుపెట్టాం. మాపులు పది. సూదులు ఆరు. పనిముట్లు ముప్పైనాలుగు. హాజరు పత్రం దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

"దారమివ్వండి, కుట్టేస్తాను," అన్నాడు కలువా.

"లెక్క కుదర్లేదు."

"అమాయి, అది కాగితం. తలగుడ్డంత కాగితం. లోపలుంటే నాకు కనపడదా? ఆయనే పట్టుకుపోయుంటాడు."

"నేనూ అదే అనుకుంటున్నా. అనుకున్నది లెక్కలోకి రాదు."

"ఆయన్ని వెనక్కి లాగి కోపం తెప్పిస్తే మీ ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించారా?"

ముసుగు పైన ఆమె కళ్ళు బోర్డు మీదే ఉన్నాయి. పదకొండేళ్ళలో ఆ బోర్డు మీద ఒక్క అబద్ధం రాయలేదు; ఇప్పుడు ఒక అంకెకు ఎదురుగా నా చేత చిన్న గీత పెట్టిస్తే చాలు, పదవి లిలోంగ్వే దారిలో ఉంది.

"పరిగెత్తు, లుసెకెలో."

గేటు దగ్గర కారును ఆపాను. పత్రం తన దగ్గరే ఉందని చెప్పమన్నాడు మసెకో. మాట లెక్కకు రాదని, వస్తువు రావాలని చెప్పాను. ఆయన మళ్ళీ పైజామా, మళ్ళీ రెండు ఎడమ బూట్లు తొడుక్కుని వచ్చి పత్రాన్ని ఎత్తి చూపించాడు.

"ఒకటి," అంది న్యఛిర్వా.

"ఒకటి," అన్నాను. కలువా కుట్టడం మొదలుపెట్టాడు.

"ఇక వెళ్ళవచ్చా?" అన్నాడు మసెకో.

ఆమె ఆ బొటనవేలి ముద్ర వంక చూసింది. ఏమీ అనకుండా ఉండడానికి చేసిన ప్రయత్నం ఆమె భుజాలలో నాకు కనిపించింది. "బ్వానా, రక్తం అంటిన కాగితం ఎర్ర బకెట్లోకి పోవాలి. అక్కణ్ణుంచి చెత్త కాల్చే కొలిమికి."

"ఇది మీ నియామకం."

"తెలుసు."

"నేను పట్టుకెళ్తాను."

"ఎవరి రక్తం అది?" అంది తెర ఇవతలి తల. "నాదేగా? నా రక్తం ప్రభుత్వ కారెక్కి లిలోంగ్వే పోతుందా? బయట మా అక్కలు ఏడుగురున్నారు, బజారంతా వాళ్ళ చుట్టాలే. ఒక్క కేక వేస్తే మీ కారు గేటు దాటదయ్యా."

మా వైపు రాత్రుళ్ళు ఎవరో వచ్చి రక్తం పట్టుకుపోతారన్న వదంతి ఎప్పుడు లేచినా మొదట రాళ్ళు పడేది ప్రభుత్వ వాహనాల మీదే. మసెకోకు అది తెలుసు. కిటికీలో ఏడు తలగుడ్డలు కనిపిస్తున్నాయి. ఆయన పత్రాన్ని ఎర్ర బకెట్లో వేశాడు.

"మరి ఈ ఇంటర్వ్యూ జరిగిందనడానికి ఆధారం?" అన్నాడు దిక్కుతోచక.

అందరం బోర్డు వంక చూశాం. హాజరు పత్రం, ఒకటి. ఎదురుగా గీత, పక్కన తేదీ, సమయం పదకొండు యాభై ఎనిమిది, ఆమె పేరు, నా పేరు. మసెకో సుద్దముక్క తీసుకుని దాని కింద సంతకం చేశాడు. కుట్లు పూర్తయ్యాక మేకుల నుంచి బోర్డు దింపి, చెరిగిపోకుండా శుభ్రమైన ఆకుపచ్చ గుడ్డలో రెండు పొరలు చుట్టి ఇచ్చాను. అది కారు వెనక సీటులో అధ్యక్షుడి పక్కన కూర్చుని లిలోంగ్వే వెళ్ళింది.

నాలుగు నెలలు మేము కిటికీ అద్దం మీద లెక్క రాసుకున్నాం. ఒక శుక్రవారం కవరు వచ్చింది. ఎనిఫా ఛిర్వాను ఇన్‌ఛార్జిగా శాశ్వతంగా నియమించడమైనది. దాని వెనకే ఇంకో కాగితం: థియేటర్ గోడ మీది ప్రభుత్వ బోర్డు కనబడకపోవడానికి ఇన్‌ఛార్జి ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలసినది. రెండింటి కింద సంతకం మసెకోదే.

ఆమె ఇంకా గౌను వేసుకోలేదు. ఒట్టి చేతులతో ఆ కాగితాలను బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"గట్టిగా చెప్పు, లుసెకెలో."

"ఒకటి," అన్నాం ఇద్దరం. "రెండు."